గెట్ అన్న ఒక్క మాట, పాతిక అర్థాలు: పట్టు చిక్కేలా నేర్చుకునే పద్ధతి

గెట్ అంటే ఏమిటని అడిగితే అందరూ చెప్పే జవాబు "పొందు". ఆ ఒక్క అర్థంతో బయల్దేరినవాళ్ళు "ఇట్స్ గెటింగ్ లేట్" దగ్గర మొదటిసారి ఆగుతారు. "కుడ్ యూ గెట్ ద డోర్?" అనే ప్రశ్న ఎదురైతే పూర్తిగా చిక్కుకుపోతారు. తలుపును పొందడమేమిటి? ఎవరో తలుపు తడుతున్నారు, కాస్త వెళ్ళి తీయమంటున్నారు, అంతే.

ఇలా రెండుమూడుసార్లు దెబ్బ తిన్నాక చాలామంది డిక్షనరీ తెరిచి అర్థాల జాబితా బట్టీ పడతారు. నేనూ అదే చేశాను. ఇరవై అర్థాలు వరసగా రాసుకుంటే వారం తిరిగేసరికి నాలుగు కూడా గుర్తులేవు. గుర్తున్న ఆ నాలుగూ మాట్లాడేటప్పుడు నోటికి రాలేదు.

తెలుగులో "పట్టు" అనే మాటను మనం ఎలా నేర్చుకున్నామో ఒక్కసారి ఆలోచించండి. పనికి గంట పట్టింది, గోడకి బూజు పట్టింది, ఒళ్ళంతా చెమట పట్టింది, నడుం పట్టేసింది, వాడికి ఇవేవీ పట్టవు. వీటి జాబితా మనకు ఎవరూ ఇవ్వలేదు. ఏ మాట పక్కన "పట్టు" వస్తే ఏమవుతుందో వింటూ, అంటూ నేర్చుకున్నాం. గెట్‌ని కూడా పక్కనున్న మాటను బట్టే నేర్చుకోవాలి. కాకపోతే పెద్దయ్యాక నేర్చుకుంటున్నాం కాబట్టి దానికొక వరస కావాలి.

1. మొదలుపెట్టే ముందు

దగ్గర పెట్టుకోవాల్సినవి ఇవి:

- ఒక నోట్‌బుక్. గెట్ ఒక్కదానికే పన్నెండు పేజీలు కేటాయించండి.
- ఇంగ్లీషు నేర్చుకునేవాళ్ళ కోసం తయారైన ఇంగ్లీషు–ఇంగ్లీషు డిక్షనరీ. లాంగ్‌మన్‌లో అర్థాలన్నీ దాదాపు 2000 తేలిక పదాలతోనే రాస్తారు. కాలిన్స్ కోబిల్డ్‌లో అర్థమే ఒక పూర్తి వాక్యంగా ఉంటుంది. రెండూ ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి, ఏదో ఒకటి చాలు.
- రోజుకు 20 నిమిషాలు, మూడు వారాలు. ఒకే రోజు మూడు గంటలు కూర్చోవడం కన్నా ఇదే మేలు.

ఇంగ్లీషు–తెలుగు నిఘంటువును ఈ పనికి మాత్రం పక్కన పెట్టండి. అది చెడ్డదని కాదు. అందులో గెట్ ఎదురుగా పొందు, తెచ్చు, చేరు, అగు అని వరసగా ఉంటాయి కానీ ఏది ఎప్పుడో తెలియదు. మనకు కావలసింది ఆ "ఎప్పుడు".

రూపాల సంగతి కూడా ముందే తేల్చుకోండి. బ్రిటిష్ పద్ధతిలో గెట్, గాట్, గాట్. అమెరికన్ పద్ధతిలో మూడో రూపం గాటెన్. ఏదో ఒక పద్ధతి ఎంచుకుని దానికే కట్టుబడండి. ఒక్క మెలిక ఉంది: "ఉంది" అనే అర్థంలో అమెరికన్లు కూడా "ఐ హ్యావ్ గాట్ ఏ పెన్" అనే అంటారు. అక్కడ గాటెన్ వాడరు.

2. అర్థం వెతక్కండి, కుడిపక్క చూడండి

ఈ మొత్తం పద్ధతికి ఇదే ఆయువుపట్టు. గెట్ దానంతటది దాదాపు ఖాళీ మాట. దాని వెంటనే కుడిపక్కన ఏ రకం మాట వచ్చిందో చూస్తే అర్థం తెలిసిపోతుంది. నోట్‌బుక్‌లో ఒక్కో రకానికి ఒక్కో పేజీ ఇవ్వండి. వీటిని గళ్ళు అందాం.

గడి 1: వస్తువో విషయమో వస్తే, చేతికి రావడం. "ఐ గాట్ ఏ లెటర్" అంటే ఉత్తరం అందింది. "షి గాట్ ఏ జాబ్" అంటే ఆమెకు ఉద్యోగం వచ్చింది. "గెట్ మీ ఏ చెయిర్" అంటే నాకో కుర్చీ తెచ్చిపెట్టు. "ఐ గాట్ ఏ కోల్డ్" అంటే జలుబు చేసింది. "ఐ గాట్ ద జోక్" అంటే జోకు అర్థమైంది. ఉత్తరం, ఉద్యోగం, కుర్చీ, జలుబు, జోకు అన్నీ మన దాకా వచ్చినవే. తలుపు, ఫోను కూడా ఈ గడిలోవే: "ఐ విల్ గెట్ ద ఫోన్" అంటే ఆ ఫోను నేను చూసుకుంటాను, ఎత్తుతాను అని.

గడి 2: విశేషణం వస్తే, అలా మారడం. గెట్ టైర్డ్, గెట్ యాంగ్రీ, గెట్ ఓల్డ్, గెట్ బెటర్. అలసిపోవడం, కోపం రావడం, ముసలివాళ్ళవడం, మెరుగవడం.

గడి 3: చోటు వస్తే, చేరడం. "వియ్ గాట్ టు ద స్టేషన్ ఎట్ సిక్స్." స్టేషన్‌కి ఆరింటికి చేరాం. హోమ్, హియర్, దేర్ ముందు మాత్రం "టు" ఉండదు: "ఐ గాట్ హోమ్ లేట్."

గడి 4: టు, దాని వెనక క్రియ వస్తే, వీలు చిక్కడం. "ఐ గాట్ టు మీట్ హర్." ఆమెను కలిసే అవకాశం దక్కింది.

గడి 5: వీ3, అంటే క్రియ మూడో రూపం వస్తే, ఆ పని జరిగిపోవడం. "హి గాట్ సెలెక్టెడ్." ఎంపికయ్యాడు. "ద గ్లాస్ గాట్ బ్రోకెన్." గ్లాసు పగిలింది. ఎవరు చేశారన్నది ఇక్కడ ముఖ్యం కాదు.

గడి 6: మనిషో వస్తువో వచ్చి, దాని వెనక ఇంకో క్రియ వస్తే, చేయించడం. దీన్ని విడిగా 4వ భాగంలో చూద్దాం, ఎందుకంటే అందరూ తడబడేది ఇక్కడే.

మొదటి మూడు రోజులూ వేరే పనేమీ పెట్టుకోకండి. ఎక్కడ గెట్ కనిపించినా కుడిపక్క చూసి గడి నంబరు చెప్పుకోండి. వాక్యం పూర్తిగా అర్థం కాకపోయినా ఫరవాలేదు, గడి సరిగ్గా చెబితే చాలు.

3. "నాకు" వాక్యాల నుంచి మొదలుపెట్టండి

ఇంగ్లీషు వాక్యం చూసి తెలుగు అర్థం చెప్పగలిగినా మాట్లాడేటప్పుడు గెట్ నోటికి రాదు. అందుకని ఎదురు దిక్కు నుంచి రావాలి. ఒక పేజీ తీసి, రోజూ మీరు అనే "నాకు" వాక్యాలు ఇరవై రాయండి. ఇలా:

- నాకు కోపం వచ్చింది: ఐ గాట్ యాంగ్రీ
- నాకు భయం వేసింది: ఐ గాట్ స్కేర్డ్
- నాకు విసుగు పుట్టింది: ఐ గాట్ బోర్డ్
- నాకు జబ్బు చేసింది: ఐ గాట్ సిక్
- నాకు అలవాటైంది: ఐ గాట్ యూజ్డ్ టు ఇట్
- నాకు సెలవు దొరికింది: ఐ గాట్ ఏ డే ఆఫ్
- నాకు మీ మెసేజ్ అందింది: ఐ గాట్ యువర్ మెసేజ్

ఎడమవైపు చూడండి. వచ్చింది, వేసింది, పుట్టింది, చేసింది, దొరికింది, అందింది. ఒక్కో భావానికి ఒక్కో క్రియ. కోపం వేసింది అనం, భయం చేసింది అనం. కుడివైపు అన్నిటికీ ఒకటే: గాట్. తెలుగువాళ్ళకి గెట్ కష్టం అంటారు కానీ, నా దృష్టిలో కష్టమైన సగం మనకు ఎప్పుడో వచ్చేసింది. ఇన్ని క్రియలను తప్పు లేకుండా వాడుతున్నవాళ్ళం, వాటన్నిటి చోటా ఒక్కదాన్ని పెట్టడమే మిగిలింది.

రెండు మార్పులు జరుగుతున్నాయి, రెండూ గమనించండి. ఒకటి, "నాకు" పోయి "ఐ" వస్తోంది. "యాంగర్ కేమ్ టు మీ" అని మనసులో మెదిలితే తెలుగు వాక్యం ఇంకా కదల్లేదని అర్థం. రెండు, కోపం అనే నామవాచకం చోట యాంగ్రీ అనే విశేషణం వస్తోంది. "ఐ గాట్ యాంగర్" తప్పు. మనసులో కలిగేవాటికి, ఒంటికి తెలిసేవాటికి విశేషణమే వాడండి: హంగ్రీ, థర్స్టీ, స్కేర్డ్, బోర్డ్, కోల్డ్.

"నాకు" లేని కొన్నింటికీ ఇదే దారి. చీకటి పడింది అంటే "ఇట్ గాట్ డార్క్". దారి తప్పాం అంటే "వియ్ గాట్ లాస్ట్".

ఇరవై వాక్యాలనూ పైకి చదవండి, ఎడమ నుంచి కుడికి మాత్రమే. మర్నాడు కుడివైపు చేత్తో మూసి చెప్పండి.

4. చేయించడం: ఒక్కో మెట్టూ ఎక్కండి

తెలుగులో "చేయు"కి "ఇంచు" చేర్చితే పని మరొకరి చేతికి వెళ్ళిపోతుంది. చేశాను, చేయించాను. కట్టాను, కట్టించాను. ఇంగ్లీషులో అలాంటి ప్రత్యయం లేదు. ఆ పని గెట్ చేస్తుంది.

మొదటి మెట్టు, వస్తువు ముందు వచ్చే రకం. వరస: గెట్, వస్తువు, వీ3.

"ఐ గాట్ మై బైక్ రిపేర్డ్." బైక్ రిపేర్ చేయించాను.

ఇదే వాక్యాన్ని "ఐ రిపేర్డ్ మై బైక్" అంటే స్పానర్ పట్టుకుని నేనే బాగుచేశాను అని అర్థం. అలాగే "ఐ కట్ మై హెయిర్" అంటే అద్దం ముందు కత్తెరతో నేనే కత్తిరించుకున్నాను. వేరేవాళ్ళు కత్తిరిస్తే "ఐ గాట్ మై హెయిర్ కట్". రెండింట్లోనూ కట్ ఉంది, జుట్టు ఉంది. స్థానం మారితే కత్తెర పట్టుకున్న చెయ్యి మారింది.

రెండో మెట్టు, మనిషి ముందు వచ్చే రకం. వరస: గెట్, మనిషి, టు, క్రియ మొదటి రూపం.

"ఐ గాట్ హిమ్ టు సైన్ ద ఫామ్." అతనిచేత ఫారం మీద సంతకం పెట్టించాను. ఇందులో ఒప్పించడం, కాస్త తంటాలు పడటం అనే ఛాయ ఉంది. బలవంతపెట్టాను అంటే "ఐ మేడ్ హిమ్ సైన్". మేడ్ తర్వాత "టు" రాదు, గాట్ తర్వాత "టు" తప్పదు. ఈ రెండింటినీ జంటగానే రాసుకోండి, విడివిడిగా నేర్చుకుంటే కలిసిపోతాయి.

మూడో మెట్టు, వస్తువు తర్వాత విశేషణం. "గెట్ ద రూమ్ రెడీ." గది సిద్ధం చెయ్యి. ఇది తేలికే, రెండు వాక్యాలు రాస్తే వచ్చేస్తుంది.

ఈ పేజీలో మీ సొంత పనులే రాయండి. ఈ నెలలో మీరు ఎవరిచేతనైనా చేయించుకున్న పనులు ఎనిమిది గుర్తుచేసుకుని, ఎనిమిదింటినీ మొదటి మెట్టు వరసలో పెట్టండి. ఆ తర్వాతే రెండో మెట్టుకి వెళ్ళండి.

5. ఒక చిన్న అక్షరం తేడా

ఈ రెండు వాక్యాలను పక్కపక్కన పెట్టి చూడండి.

ఐ గాట్ టు సీ హర్.
ఐవ్ గాట్ టు సీ హర్.

మొదటిది: ఆమెను చూడగలిగాను, ఆ అవకాశం దక్కింది. జరిగిపోయిన సంగతి. రెండోది: ఆమెను చూసి తీరాలి. ఇంకా జరగలేదు. "ఐ" చివర ఉన్న ఆ "వ్" ఒక్కటే తేడా, కానీ కాలమూ మారింది, మనిషి పరిస్థితీ మారింది.

మాటల్లో ఆ "వ్" తరచుగా వినపడదు, రెండూ "గాటా" అన్నట్టే ఉంటాయి. అప్పుడు ముందు వెనకల్ని బట్టి తేల్చుకోవాలి. ఎస్టర్‌డే, లాస్ట్ వీక్ లాంటి మాట ఉంటే అవకాశం. నౌ, టుమారో ఉంటే తప్పనిసరి. రాసేటప్పుడు మాత్రం ఆ "వ్" వదిలేయకండి.

6. ఆన్, ఆఫ్, ఓవర్ లాంటివి తోడైతే

వీటినే ఫ్రేజల్ వర్బ్స్ అంటారు. యాభై ఒకేసారి మొదలుపెట్టడం ఇక్కడ అందరూ చేసే పొరపాటు. రోజుకు రెండు చాలు, అదీ కంటికి కనిపించే కదలిక ఉన్నవాటి నుంచి.

ముందు ఎక్కడం, దిగడం. లోపల నిలబడి నడవగలిగే వాహనమైతే ఆన్, ఆఫ్: బస్సు, రైలు, విమానం, ఓడ. వంగి లోపలికి దూరి కూర్చునేదైతే ఇన్‌టు, అవుట్ ఆఫ్: కారు, టాక్సీ. పైన కూర్చునే సైకిల్, గుర్రం మళ్ళీ ఆన్, ఆఫ్.

తర్వాత, కదలిక నుంచి భావంలోకి వెళ్ళేవి. గెట్ ఓవర్ అంటే అడ్డుగోడ మీదుగా అవతలికి దాటడం. అదే చూపుతో "షి గాట్ ఓవర్ హర్ ఇల్‌నెస్" చదవండి, జబ్బు నుంచి తేరుకుంది. గెట్ త్రూ అంటే మధ్యలోంచి బయటపడటం, అందుకే కష్టకాలం గట్టెక్కడానికీ, ఫోను లైను కలవడానికీ అదే మాట. గెట్ బై అంటే ఉన్నదాంతో నెట్టుకురావడం. గెట్ అలాంగ్ అంటే పొసగడం. గెట్ అవే విత్ అంటే తప్పుచేసి శిక్ష పడకుండా తప్పించుకోవడం. గెట్ రిడ్ ఆఫ్ అంటే వదిలించుకోవడం. చూడండి, ఎదురుగా నిఖార్సైన తెలుగు మాట ఒకటి నిలబెడితే ఇవి ఎంత చక్కగా గుర్తుంటాయో. "అధిగమించుట" అని రాసుకుంటే మాత్రం గుర్తుండవు.

గెట్ బ్యాక్ టు గురించి నా అనుభవం ఒకటి చెప్పాలి. చాలా ఏళ్ళ కిందట ఒక ఇంటర్వ్యూ అయ్యాక "వియ్ విల్ గెట్ బ్యాక్ టు యూ" అన్నారు. మళ్ళీ మీ దగ్గరికి వస్తాం అన్నారనుకుని బయట బెంచీ మీద గంటకు పైగా కూర్చున్నాను. ఆ మాటకు "ఆలోచించి తర్వాత ఏ సంగతీ తెలియజేస్తాం" అని అర్థం. ఆ రోజు నాకు గెట్ వచ్చు, బ్యాక్ వచ్చు, రెండూ కలిస్తే ఏమవుతుందో మాత్రం రాదు. అందుకే తోడు మాటలున్నవాటిని విడగొట్టకుండా, "టు యూ"తో సహా ఒకే ముక్కగా రాసుకోమంటాను.

ఇట్, దెమ్ లాంటి సర్వనామాలు ఎక్కడ పెట్టాలో కూడా అప్పుడే రాసుకోండి. "గెట్ ఇట్ బ్యాక్" సరి, "గెట్ బ్యాక్ ఇట్" తప్పు. "గెట్ ఓవర్ ఇట్" సరి, జబ్బు నుంచి తేరుకో అనడానికి "గెట్ ఇట్ ఓవర్" అనరు. దీనికి సూత్రం వెతుక్కోవద్దు, ఒక్కోదాన్నీ ఇట్‌తో కలిపి పదిసార్లు పైకి అనండి.

7. వాక్యాలు పోగుచెయ్యండి

రెండో వారం నుంచి మీరు చదివే, వినే వాటిలోంచి రోజుకు ఐదు గెట్ వాక్యాలు తీసుకుని ఆయా గళ్ళ పేజీల్లో చేర్చండి. స్కెల్ అనే ఉచిత వెబ్‌సైట్‌లో మాట టైపు చేస్తే నిజమైన వాడుకలోంచి తీసిన వాక్యాలు వరసగా వస్తాయి. యూగ్లిష్‌లో అయితే ఆ మాట పలికిన వీడియో ముక్కలే వినొచ్చు.

వినేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. అమెరికన్ ఉచ్చారణలో రెండు అచ్చుల మధ్య "ట్" మెత్తబడి "డ్" లాగా వినిపిస్తుంది. గెట్ అప్ "గెడప్" అవుతుంది, గెట్ ఇట్ "గెడిట్" అవుతుంది. పుస్తకంలో బాగా తెలిసిన గెట్ సినిమాలో వినపడకపోవడానికి కారణం ఇదే.

ఏ గడిలోనూ ఇమడని వాక్యాలు దొరుకుతాయి. వాటికి చివర ఒక పేజీ ఉంచండి. బలవంతంగా ఇరికించకండి.

8. మనం తరచుగా చేసే తప్పులు, సవరణలు

*"ఐ గాట్ డౌన్ ఫ్రమ్ ద బస్."* "దిగాను" మనసులో ఉండి డౌన్ వస్తోంది. "ఐ గాట్ ఆఫ్ ద బస్" అనాలి.

*"ఐ యామ్ నాట్ గెటింగ్ యూ."* అర్థం కావడం అనే భావంలో గెటింగ్ వాడరు. "ఐ డోంట్ గెట్ ఇట్" లేదా మర్యాదగా "సారీ, ఐ డిడ్ నాట్ అండర్‌స్టాండ్".

*"షి గాట్ మ్యారీడ్ విత్ హిమ్."* "అతనితో పెళ్ళి"లోని "తో" విత్‌గా మారింది. ఇక్కడ "టు" రావాలి.

*"ఇట్ గాట్ హ్యాపెన్డ్."* జరగడం, చనిపోవడం, రావడం లాంటివి ఒకరు మరొకదాని మీద చేసే పనులు కావు. వాటికి గాట్ చేర్చకూడదు. "ఇట్ హ్యాపెన్డ్" అంటే చాలు. 5వ గడిలో ఏ క్రియ పెట్టాలన్నా ముందు "ఎవరైనా దీన్ని దేనికైనా చేయగలరా?" అని అడగండి. గ్లాసును పగలగొట్టగలరు కాబట్టి గాట్ బ్రోకెన్ సరే.

*"ఐ గాట్ యూజ్డ్ టు వేక్ అప్ ఎర్లీ."* అలవాటైంది అన్నప్పుడు "టు" తర్వాత ఇంగ్ రూపం రావాలి: "వేకింగ్ అప్ ఎర్లీ".

*గెట్ అప్, వేక్ అప్ కలిపేయడం.* వేక్ అప్ అంటే మెలకువ రావడం, గెట్ అప్ అంటే మంచం దిగడం. రెండింటి మధ్య అరగంట ఉండొచ్చు.

9. వాడకూడని చోట్లు

గెట్ మాటల భాష. దరఖాస్తులు, నివేదికలు, పరీక్ష వ్యాసాలు రాసేటప్పుడు దాన్ని మార్చండి. ఏ మాట పెట్టాలో కూడా గడే చెబుతుంది: 1కి రిసీవ్ లేదా అబ్టెయిన్, 2కి బికమ్, 3కి అరైవ్ లేదా రీచ్. 5కి "వాజ్ సెలెక్టెడ్" లాంటి మామూలు పాసివ్. మాట్లాడేటప్పుడు దీనికి తలకిందులు. స్నేహితుడితో "ఐ అబ్టెయిన్డ్ ఏ టికెట్" అంటే మనిషి బిగుసుకుపోయినట్టు ఉంటుంది.

10. మూడో వారం చివర చూసుకోవాల్సినవి

- ఆరు గళ్ళూ పుస్తకం చూడకుండా, ఒక్కోదానికి మీ సొంత వాక్యంతో చెప్పగలుగుతున్నారా?
- "నాకు" వాక్యాలు పది, ఆగకుండా ఇంగ్లీషులో వస్తున్నాయా?
- చేశాను, చేయించాను తేడా మాటల్లో నిలబడుతోందా?
- కనీసం పదిహేను తోడు మాటల ముక్కలు "ఇట్" స్థానంతో సహా వచ్చాయా?

ఇప్పుడీ ఏడింటికీ గడి చెప్పండి:

అ) ద డేస్ ఆర్ గెటింగ్ లాంగర్.
ఆ) డిడ్ యూ గెట్ టు స్పీక్?
ఇ) వియ్ గాట్ ద హౌస్ పెయింటెడ్.
ఈ) వాట్ టైమ్ డిడ్ యూ గెట్ దేర్?
ఉ) మై ఫోన్ గాట్ స్టోలెన్.
ఊ) ఐ గాట్ ద ఫీలింగ్ హి వాజ్ అప్‌సెట్.
ఎ) షి గాట్ ద చిల్డ్రన్ టు స్లీప్.

వరసగా 2, 4, 6, 3, 5, 1. చివరిదాని దగ్గర కాస్త ఆగండి. పిల్లల్ని నిద్రపుచ్చింది అని అర్థం, కాబట్టి 6వ గడి. కానీ అక్కడి స్లీప్‌ను క్రియగా చదవొచ్చు, "నిద్రలోకి చేర్చింది" అని నామవాచకంగానూ చదవొచ్చు. ఎలా చదివినా అర్థం ఒకటే.

ఏ గడి తప్పిందో ఆ పేజీకి వెళ్ళి మరో ఐదు సొంత వాక్యాలు రాయండి, రెండు రోజులాగి మళ్ళీ చూసుకోండి. అన్నీ సరిపోతే నోట్‌బుక్‌లో కొత్త పేజీ తిప్పి పైన "టేక్" అని రాయండి. గళ్ళు వేరే వస్తాయి, కుడిపక్క చూడటం మాత్రం ఇలాగే.